సత్తుపల్లి నుంచి చీమకుర్తికి 70 టన్నుల ప్రొక్లెయిన్: లోబెడ్‌ను ఎలా ఎంచుకున్నాం

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ క్వారీ నడిపే ఒక యజమాని 70 టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్ ఒకటి కొన్నారు. అమ్మినవాళ్లు సత్తుపల్లి దగ్గర సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీసే కాంట్రాక్టు ముగించుకున్నవాళ్లు. భారీ మిషన్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే మా పనిలో అందరూ దాన్ని ప్రొక్లెయిన్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. యజమాని మమ్మల్ని అడిగినవి రెండు. మొదటిది, ఆ మిషన్‌ను క్వారీకి చేర్చడం. రెండోది, ఎలాగూ లోబెడ్ (మిషన్ ఎక్కించే డెక్ నేలకు దగ్గరగా ఉండే ట్రెయిలర్) కావాలి కాబట్టి అద్దె కట్టే బదులు ఒక "అరవై టన్నుల లోబెడ్" కొనేస్తే ఈ మిషన్ కూడా దాని మీదే వస్తుంది, తర్వాత మిగతా మిషన్లను క్వారీల మధ్య తిప్పుకోవడానికీ ఉంటుంది, ఏది కొనాలో చెప్పమని.

అప్పటికే ఆయన మూడు చోట్ల కొటేషన్లు తెప్పించి పెట్టుకున్నారు. మూడూ మూడు యాక్సిళ్ల (చక్రాల ఇరుసుల) లోబెడ్లే, మూడింటి మీదా 60 టన్నులు అనే రాసి ఉంది. బేరం ధర దగ్గర ఆగి ఉంది.

ఆ కాగితాల్లో ఆ అంకె తప్పేమీ కాదు. బీములు, ముందువైపు మెడలా లేచే గూస్‌నెక్ అంత బరువుకు వంగవనే దాని అర్థం. ఆ బరువుతో రోడ్డెక్కవచ్చని మాత్రం అందులో ఎక్కడా లేదు. కొనేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని లక్షలు పెడతారు, ఆ తర్వాత మొదటి టోల్‌ప్లాజా కాటా దగ్గర తేడా తెలుస్తుంది. అందుకే ఈ కేసులో మేం లెక్కను ట్రెయిలర్ దగ్గర కాకుండా యాక్సిల్ దగ్గర మొదలుపెట్టాం.

యాక్సిల్ లెక్క

2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల హద్దులు పెంచింది. ఇప్పుడు రెండు టైర్ల స్టీరింగ్ యాక్సిల్‌కు 7 టన్నులు, ఎనిమిది టైర్ల జంట యాక్సిల్‌కు 21, మూడు యాక్సిళ్ల గుంపుకు, అంటే ట్రెయిలర్ వెనకాల ఉండే బోగీకి, 27. మూడూ కలిపితే 55. పుల్లర్ (ముందు లాగే లారీ), ట్రెయిలర్, సరుకు మొత్తం బరువుకు చట్టం పెట్టిన హద్దు కూడా 55 టన్నులే. వెనకాల నాలుగో యాక్సిల్ తగిలించినా ఈ మొత్తం పెరగదు.

ఇందులోంచి పుల్లర్ సొంత బరువు 9 టన్నులు తీసేయండి. కొటేషన్లలోని లోబెడ్ ఖాళీ బరువు 13 టన్నులు తీసేయండి. మిగిలేది 33. "అరవై టన్నుల" లోబెడ్ మీద చట్టబద్ధంగా ఎక్కేది 33 టన్నులు, అదీ సరుకు సరిగ్గా ఉండాల్సిన చోట కూర్చుంటేనే.

ఆ చివరి మాటను మా లెక్క కాగితం మీద యజమానికి ఇలా చూపించాం. కింగ్‌పిన్ (ట్రెయిలర్‌ను పుల్లర్‌కు తగిలించే పిన్ను) నుంచి వెనక బోగీ మధ్యకు దూరం 9 మీటర్లు. 30 టన్నుల మిషన్ ఎక్కించారు. దాని బరువు కేంద్రం బోగీ మధ్య నుంచి 3 మీటర్లు ముందుకు ఉందనుకోండి. మిషన్ బరువులో 10 టన్నులు కింగ్‌పిన్ మీదికి, 20 టన్నులు బోగీ మీదికి వెళ్తాయి. ట్రెయిలర్ సొంత బరువులో బోగీ వాటా 9.5 టన్నులు కలిపితే 29.5. మొత్తం బండి 52 టన్నులే, హద్దులోనే ఉంది, కానీ బోగీ మీద రెండున్నర టన్నులు ఎక్కువ. అదే మిషన్‌ను 80 సెంటీమీటర్లు ముందుకు జరిపితే బోగీ మీద 26.8, పుల్లర్ జంట యాక్సిల్ మీద 19, స్టీరింగ్ మీద 6.2. అన్నీ హద్దులోకి వచ్చేశాయి. అదే బండి, అదే మిషన్, తేడా 80 సెంటీమీటర్లు.

దీన్ని ఊహతో చేయక్కర్లేదు. ఏ ఊరి కాటా దగ్గరైనా మొదట వెనక బోగీ చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉండేలా ఆపి ఒక చీటీ, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ తీసుకుంటే చాలు. పది నిమిషాల పని. కాటా ముందువెనకల నేల ప్లాట్‌ఫాంతో సమానంగా ఉండాలి, వాలు ఉంటే మొదటి చీటీ తప్పు చూపిస్తుంది.

మిషన్‌ను విడదీస్తే

70 టన్నుల్లో వెనకాల ఉండే సమతూకపు దిమ్మ, అంటే కౌంటర్‌వెయిట్ 10.5, సిలిండర్లతో పెద్ద చేయి, అంటే బూమ్ 9, దాని కొసన ఉండే చేయి, అంటే ఆర్మ్ 5, రాక్ బకెట్ 4.5. ఇవి దించితే మిగిలే బేస్ మిషన్, అంటే చైన్లు, ఇంజను, క్యాబిన్, 41 టన్నులు. తయారీదారు పుస్తకంలో బేస్‌కు 39 అని ఉంది. గనిలో పనిచేసిన మిషన్‌కు మేం ఎప్పుడూ పుస్తకం అంకె వేసుకోం. అడుగున అదనపు గార్డు ప్లేట్లు ఉంటాయి, చైన్ పలకలు, అంటే షూలు, వెడల్పువి వేసి ఉంటాయి, చైన్లు తిరిగే ట్రాక్ ఫ్రేముల సందుల్లో బురద ఎండి రాయిలా పట్టి ఉంటుంది. నీళ్లు కొట్టి కడిగించినా ఆ బురద అంతా రాదు. అందుకే రెండు టన్నులు కలిపి 41 వేశాం. లోడయ్యాక కాటా 40.6 చూపించింది.

41ని 33 మోసే బండి మీద పెడితే ఏమవుతుందో చూడండి. మొత్తం 63 టన్నులు, అంటే హద్దుకు 8 ఎక్కువ. బోగీ మీద 33కు పైగా పడుతుంది, ఉండాల్సింది 27. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000, కలిపి 36,000 రూపాయలు. ఎక్కువున్న బరువు దించాకే బండి కదలాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 41 టన్నుల ప్రొక్లెయిన్ నుంచి 8 టన్నులు హైవే పక్కన ఎలా దించుతారు? మాకు జరిమానా కన్నా పెద్ద భయం ఇన్సూరెన్స్. హద్దు మించిన బరువుతో ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర వాదన అక్కడే మొదలవుతుంది.

రెండు ట్రాక్ ఫ్రేములు కూడా విప్పితే ఒక్కో ముక్క మామూలు లోబెడ్‌కు సరిపోతుంది. యజమాని ఈ దారి బాగా అడిగారు, ఎందుకంటే అప్పుడు తను కొనబోయే లోబెడ్‌తోనే పని అయిపోతుంది. మేం వద్దన్నాం. ఫ్రేములు విప్పాలంటే రెండు చోట్లా పెద్ద క్రేన్ రోజుల తరబడి ఉండాలి, మధ్యలో మిషన్ పైభాగం నుంచి కిందికి ఆయిల్ వెళ్లే స్వివెల్ జాయింట్ గొట్టాలు తెరవాలి, మళ్లీ బిగించేది గ్రానైట్ దుమ్ములో. హైడ్రాలిక్ లైనులోకి చిటికెడు ఆ దుమ్ము పోతే చైన్లు తిప్పే ట్రావెల్ మోటార్లు ఎన్నాళ్లు ఉంటాయో ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

కాబట్టి బేస్ మిషన్ ఒక్కదానికే మాడ్యులర్ హైడ్రాలిక్ యాక్సిల్, అంటే కావాల్సినన్ని చక్రాల వరసలు కలుపుకుని డెక్ ఎత్తు మార్చుకోగలిగే ట్రెయిలర్, అద్దెకు తీసుకున్నాం. 55 టన్నుల హద్దు నుంచి చట్టం మినహాయింపు ఇచ్చేది ఈ బండ్లకే. ఒక్కో వరసలో ఎనిమిది టైర్లు, వరసకు 18 టన్నుల దాకా అనుమతి. వరస సొంత బరువు సుమారు 4 టన్నులు. నాలుగు వరసలు చాలు కదా అని ట్రెయిలర్ ఆపరేటరే అన్నాడు. బరువుకైతే చాలు: 41కి 16 కలిపి నాలుగుతో భాగిస్తే వరసకు 14.25. కానీ వరసల మధ్య దూరం 1.5 మీటర్లు కాబట్టి నాలుగు వరసల డెక్ 6 మీటర్లే వస్తుంది, మిషన్ చైన్ పొడవే దాదాపు అంత. ముందుకో వెనక్కో జరిపి బరువు సర్దుకునే చోటు ఉండదు. ఐదు వరసలు తీసుకున్నాం. డెక్ 7.5 మీటర్లయింది, వరసకు 12.2 టన్నులు, టైరుకు ఒకటిన్నర టన్ను. పాత కల్వర్టుల మీద ఈ తక్కువ బరువు మాకు అదనపు నిశ్చింత.

ఇది డ్రాబార్‌తో, అంటే ముందున్న కడ్డీతో, లాగే బండి. సరుకు బరువేమీ పుల్లర్ మీద పడదు. అందుకని పుల్లర్ వెనక చక్రాలకు పట్టు కోసం, మామూలుగా కింగ్‌పిన్ కూర్చునే ఫిఫ్త్‌వీల్ చోట సిమెంటు దిమ్మల పెట్టె పెట్టించాం. క్వారీ ఎత్తు ఎక్కేటప్పుడు ఆ దిమ్మలు లేకపోతే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి.

బూమ్, ఆర్మ్ ఒక మామూలు ట్రెయిలర్ మీద, కౌంటర్‌వెయిట్, బకెట్ ఇంకోదాని మీద వచ్చాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

ఎత్తు, వెడల్పు

గనిలో క్యాబిన్ మీద వేసిన రాళ్ల గార్డు విప్పి, పైన చేతికమ్మీలు మడిస్తే బేస్ మిషన్ ఎత్తు 3.4 మీటర్లు. హైడ్రాలిక్ డెక్ ప్రయాణంలో 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొత్తం 4.6. కరెంటు రైలు మార్గాల్లో లెవెల్ క్రాసింగ్ దగ్గర పెట్టే ఎత్తు కమ్మీ 4.67 మీటర్లు. దారి మొత్తానికి మేం పెట్టుకున్న హద్దు కూడా అదే. అంటే చేతిలో ఉన్నది 7 సెంటీమీటర్లు. హైడ్రాలిక్ యాక్సిల్‌కు ఉన్న గొప్ప సౌకర్యం ఇక్కడే: అవసరమైన చోట డెక్‌ను పాతిక సెంటీమీటర్లు దించి, దాటాక మళ్లీ లేపొచ్చు. అందుకే ధైర్యం చేశాం. డెక్ ఎత్తు మార్చలేని బండి అయితే 7 సెంటీమీటర్లకు నేను సంతకం పెట్టను.

బూమ్ ఉంచేసి మడిచి తీసుకెళ్తారా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ తరగతి మిషన్‌లో బూమ్ మడిచినా ఎత్తు 4.7 మీటర్లు దాటిపోతుంది, డెక్‌తో కలిసి ఆరు మీటర్ల దగ్గరికి వస్తుంది. రోడ్డుకు అడ్డంగా పోయే ఎల్‌టీ (లో టెన్షన్) కరెంటు లైనుకు ఉండాల్సిన కనీస ఎత్తు 5.8 మీటర్లు, 11 కేవీకి 6.1. నిబంధన అది, ఎండకు సాగిన తీగ ఆ నిబంధన చదవదు. ఊళ్లలో కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లయితే ఇంకా కిందే వేలాడుతుంటాయి. ముందు వెళ్లే పైలట్ బండికి 4.75 మీటర్ల ఫైబర్ కర్ర కట్టాం. కర్రకు ఏది తగిలితే దాన్ని ఖలాసీలు ఎండు వెదురు గడతో లేపి పట్టుకుంటారు. కరెంటు తీగ అని ఏ మాత్రం అనుమానం ఉన్నా ఎవరూ చేయి పెట్టరు, లైన్‌మన్ వచ్చేదాకా బండి ఆగుతుంది.

వెడల్పు సంగతి వేరు. మామూలు వాహనానికి హద్దు 2.6 మీటర్లు. ఈ మిషన్ ట్రాక్ లోపలికి ముడిచినా 3.4, డెక్ 3 మీటర్లు. ఒక్కో పక్క చైన్ 20 సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. షూ వెడల్పు 65 సెంటీమీటర్లలో 45 డెక్ మీద కూర్చుంటే చాలు, అయితే అంచు ప్లేటు కింద బ్రాకెట్ ఉన్నచోటే కూర్చోవాలి. దీనివల్ల ఓడీసీ (కొలతల హద్దు మించిన సరుకు) అనుమతి తప్పనిసరి అయింది. జాతీయ రహదారులకు కేంద్ర రవాణా శాఖ పోర్టల్‌లో, రాష్ట్ర రోడ్లకు అక్కడి శాఖల్లో దరఖాస్తు చేశాం. రెండు రాష్ట్రాలు దాటాలి కాబట్టి కాగితాలకు పట్టిన సమయం ప్రయాణం కన్నా చాలా ఎక్కువ. యాక్సిల్ వారీ బరువుల డ్రాయింగ్ మొదటిరోజే సిద్ధంగా ఉంటే ఆ సమయం బాగా తగ్గుతుంది.

మీటరు కర్రలు, తాడు

దారి సత్తుపల్లి, పెనుబల్లి, తిరువూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం, విజయవాడ, అక్కడి నుంచి 16వ నంబరు హైవే మీద ఒంగోలు. మూడు వందల కిలోమీటర్ల లోపు. హైవే భాగం మాకు పెద్ద చింత కాదు. చింతంతా చివరి కొద్ది కిలోమీటర్లు, క్వారీ రోడ్డు.

ఆ రోడ్డు మీద ఒక కల్వర్టు వీపులా లేచి ఉంది. చూడటానికి ఏమీ అనిపించదు, రోజూ రాళ్ల లారీలు పోతూనే ఉంటాయి. లోబెడ్ బొడ్డు తగిలేది ఇలాంటి చోటే. పుల్లర్ వెనక చక్రాలకూ ట్రెయిలర్ బోగీకీ మధ్య ఎంత దూరమో అంత తాడు తీసుకుంటాం, ఇక్కడ 7.5 మీటర్లు. రెండు మీటరు కర్రలకు పైకొసల్లో కట్టి, కల్వర్టుకు ఒకటి అటు, ఒకటి ఇటు నిలబెట్టి తాడు బిగుతుగా లాగుతాం. వీపు శిఖరం నుంచి తాడుకు ఎంతుందో టేపుతో కొలవాలి. 68 సెంటీమీటర్లు వచ్చింది. అంటే వీపు 32 లేచింది. కొటేషన్‌లోని లోబెడ్ బొడ్డు కింద ఖాళీ 40, అదీ సరుకు లేనప్పుడు. సరుకు ఎక్కి స్ప్రింగులు కూర్చుంటే మిగిలేది ఏమీ ఉండదు. చేతిలో కనీసం 15 సెంటీమీటర్లు లేనిదే దాటకూడదని మా పద్ధతి.

హైడ్రాలిక్ యాక్సిల్‌కు ఈ గొడవ లేదు. వరసలన్నీ డెక్ కిందే ఉంటాయి, ఏ వరసకు ఆ వరస నేలను బట్టి లేస్తుంది, దిగుతుంది, డెక్ మట్టంగా ఉంటుంది. కానీ యజమాని కొనబోయే లోబెడ్ రేపటి నుంచి ఈ రోడ్డు మీదే తిరగాలి కదా. కల్వర్టుకు రెండు వైపులా క్వారీ వ్యర్థం రాయి పోయించి, రోలర్‌తో తొక్కించి వాలును సాగదీయమన్నాం. చీమకుర్తిలో ఆ రాయికి కరువు లేదు. తర్వాత అదే తాడుతో కొలిస్తే లేపు 14 సెంటీమీటర్లకు వచ్చింది. ట్రెయిలర్ ఎత్తు పెంచి కొనేకంటే ఇది చాలా చవక.

కట్టడం

41 టన్నుల ఇనుము ఇనుప డెక్ మీద కూర్చుంటే, మధ్యలో గ్రీజు, బురద ఉంటే, జారకుండా పట్టేది దాదాపు ఏమీ ఉండదు. సరుకు కట్టడానికి యూరప్ పెట్టుకున్న లాషింగ్ ప్రమాణం ఈఎన్ 12195 ప్రకారం గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 0.8 వంతు బలంతో ముందుకు తోస్తుంది. ఇక్కడ అది 32.8 టన్నులు. గ్రీజు పట్టిన ఇనుము మీద రాపిడి 0.1 అనుకుంటే 4.1 టన్నులు రాపిడి ఆపుతుంది, మిగతా 28.7 గొలుసులే మోయాలి. చైన్ల కింద జారుడు ఆపే రబ్బరు మ్యాట్ వేస్తే రాపిడి 0.6. అప్పుడు గొలుసులకు మిగిలేది 8.2 టన్నులు.

13 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 గొలుసు 10 టన్నులు పడుతుంది, కానీ ఏటవాలుగా కట్టడం వల్ల ముందుకు ఆపడానికి అందులో సగమే లెక్కలోకి వస్తుంది. మ్యాట్ ఉంటే ముందువైపు ఆపడానికి రెండు చాలు. మ్యాట్ లేకపోతే ఆరు కావాలి, మిషన్‌కు అన్ని కొక్కేలు ఎక్కడున్నాయి? నాలుగు మూలలకు నాలుగు, పైభాగం తిరగకుండా రెండు కట్టించాం, స్వింగ్ లాక్ వేయించాం. బండి కదిలిన కాసేపటికే ఆపి గొలుసులు బిగించే బైండర్లు మళ్లీ బిగించాలి, రబ్బరు అణిగి గొలుసు వదులవుతుంది. రబ్బరు మ్యాట్ ఖర్చు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చిన్నది. అయినా లోబెడ్ల మీద దాన్ని చూసేది అరుదు, అది నాకు ఎప్పటికీ బాధే.

ప్రయాణం సాఫీగా జరిగింది. విజయవాడలో పగలు భారీ బండ్లకు ఆంక్షలు కాబట్టి ఇబ్రహీంపట్నం దగ్గర ఆగి, రాత్రి పొద్దుపోయాక కనకదుర్గ వారధి మీదుగా కృష్ణ దాటించాం.

ఆయన చివరికి కొన్నది

పెద్ద ప్రొక్లెయిన్ మళ్లీ కదిలేది ఏళ్లకోసారి. దానికోసం లోబెడ్ కొనడం తగదని ఈ లెక్కలు చూశాక యజమానే అన్నారు. రోజూ తిరిగేవి 20 నుంచి 36 టన్నుల మిషన్లు, డ్రిల్లు బండ్లు, కంప్రెషర్లు. వాటికి మూడు యాక్సిళ్ల లోబెడ్ చాలు. 36 టన్నులది ఎక్కించాలంటే 7 టన్నుల కౌంటర్‌వెయిట్ దించాలి, క్వారీలో క్రేన్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అదేమీ కష్టం కాదు.

అసలు తర్జనభర్జన టైర్ల దగ్గర జరిగింది. పెద్ద 20 అంగుళాల టైర్ల సెమీ లోబెడ్ డెక్ 1.2 మీటర్లు, చిన్న 17.5 అంగుళాల టైర్లదైతే 0.95. డ్రైవర్లకు పెద్దవే ఇష్టం: ఎక్కడైనా దొరుకుతాయి, తక్కువ వేడెక్కుతాయి. వాళ్ల మాటలో నిజం ఉంది, చిన్న టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, బ్రేకు డ్రమ్ము కూడా చిన్నది. కానీ 3.35 మీటర్ల ఎత్తున్న 30 టన్నుల మిషన్ సెమీ లోబెడ్ మీద 4.55కు వస్తుంది, చిన్న టైర్ల దాని మీద 4.3. పైగా మూడు మీటర్ల ర్యాంపు అయితే 1.2 మీటర్ల డెక్‌కు వాలు బాగా నిటారు. చైన్ మిషన్ ర్యాంపు ఎక్కి అంచు దగ్గర ముందుకు ఒరిగే క్షణం ఒకటుంది, మొత్తం బరువు ఒక్క గీత మీద నిలిచి తర్వాత డెక్ మీదికి వాలుతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే ఆ వాలడం అంత దెబ్బ. ఆపరేటర్లు నడుం పట్టేసిందని చెప్పేది ఆ దెబ్బ గురించే. క్వారీల మధ్య దూరాలు తక్కువ, వేడి పెద్ద సమస్య కాదు. చిన్న టైర్లే తీసుకోమన్నాం. తోక కింద జాకీ కాళ్లు తప్పకుండా పెట్టించమన్నాం, అవి లేకపోతే మిషన్ ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక బరువుకు పుల్లర్ వెనక చక్రాలు తేలిపోతాయి.

కొనుగోలు ఆర్డరులో "60 టన్నులు" కొట్టేయించి ఇవి రాయించాం: ట్రెయిలర్ల ప్రమాణం ఏఐఎస్ 113 ప్రకారం టైప్ అప్రూవల్, బీములకు ఎక్కువ బలమున్న ఈ450 ఉక్కు, పుల్లర్ ఫిఫ్త్‌వీల్‌కు సరిపడే 2 అంగుళాల కింగ్‌పిన్, గొలుసులకు పక్కకు ఆరేసి కొక్కేలు, ఖాళీ బరువు 13 టన్నులకు మించకూడదు, మించితే ప్రతి 100 కిలోలకు ఇంత అని ధరలో కోత. ట్రెయిలర్ సొంతంగా తినే ప్రతి టన్ను సరుకులో ఒక టన్ను తగ్గిస్తుంది. ఉక్కు మందంగా వేశాం అని గొప్పగా చెప్పే తయారీదారు అమ్ముతున్నది ఆ నష్టాన్నే. ముగ్గురిలో ఇద్దరు బరువు షరతు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లు ఇచ్చిన బండి కాటా మీద 12.6 టన్నులు తూగింది.

బండి వచ్చిన వారంలో ఒక్కో మిషన్‌నూ ఎక్కించి, ముందుకూ వెనక్కూ జరిపి, ప్రతిసారీ బోగీ బరువు కాటా వేయించాం. సరిపోయిన చోట చైన్ తిప్పే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, ఎక్కడ ఆగిందో డెక్ పక్కన పెయింటుతో గీత గీసి మిషన్ నంబరు రాయించాం. 30 టన్నుల దానికి పసుపు, కౌంటర్‌వెయిట్ దించిన 36 టన్నుల దానికి ఎరుపు. ఇప్పుడు ఎక్కించే ఆపరేటరు ఎవరైనా గీత చూసి ఆపుతాడు.